ఇరవై ఐదు రూపాయల మర్యాద

సొన్నప్ప రైలు పాసు ప్రతి నెలా పదకొండో తారీకున ముగిసిపోతుంది. జీతం పదో తారీకున పడుతుంది కాబట్టి ఆయనే అట్లా అమర్చుకున్నాడు. జీతం పడిన మరుసటి సాయంకాలం పని దిగి వస్తూ, కృష్ణరాజపురం స్టేషన్లో వరుసలో నిలబడి, పాత పాసూ ఫోటో కార్డూ కిటికీలోకి తోసి, "టేకల్, ఒక నెల" అంటాడు. ఏడేళ్ళలో ఒకే ఒక్కసారి తప్ప ఆ ముక్కకు మించి కౌంటర్లో ఆయన నోరు విప్పింది లేదు.

కౌంటర్లోనే కాదు, ఎక్కడా పెద్దగా విప్పడు. టేకల్లో పొద్దున ఆరు పదికి మెము రైలు ఎక్కుతాడు. కృష్ణరాజపురంలో దిగుతాడు. అక్కడి నుంచి మహదేవపురలో తాను తోటపని చేసే అపార్టుమెంట్ల దాకా నడుస్తాడు. పద్నాలుగు అంతస్తుల మేడలు నాలుగు, వాటి నడుమ ఎకరం తోట. ఆ తోటలో సంపంగి చెట్లు నలభై ఉన్నాయి. నలభైనీ గుంత తీసి పెట్టింది ఆయనే. చెట్లతో మాట్లాడతాడేమో గాని మనుషులతో మాట్లాడడని పనివాళ్ళు నవ్వుకుంటారు.

ఆ రోజు పదకొండో తారీకు. చలికి రైలు కిటికీలన్నీ దించేసి ఉన్నాయి. ఎదురు బల్ల మీద మార్త అనపకాయలు ఒలుస్తోంది. మార్త అదే అపార్టుమెంట్లలో మెట్లూ వరండాలూ తుడుస్తుంది. వయసు యాభై దాటింది. సొన్నప్ప మాట్లాడని మాటలన్నీ కలిపి ఆమే మాట్లాడుతుంది. ఆమె పక్కన శ్రుతి. కుప్పం పిల్ల, బీయే చదివింది. టేకల్లో పిన్నమ్మ ఇంట్లో ఉంటూ పదిహేను రోజుల కింద హౌస్‌కీపింగులో చేరింది.

"తాతా, దినామూ టికెట్ కోసం లైన్లో నిలబడేది బేజారైపోయింది నాకు. పోను పది, రాను పది. పాసు తీసుకుంటా. నెలదా, మూడు నెలలదా? నెలది నూట ఎనభై ఐదు. మూడు నెలలది ఐదు వందలేనంట. యాభై ఐదు రూపాయలు మిగులుతాయి, ఫోన్లో లెక్క వేసి చూసినా" అంది శ్రుతి.

సొన్నప్ప తల తిప్పకుండానే అడిగాడు. "మూడు నెలలు నీకు పని ఉంటాదని ఎవుడు చెప్పినాడు?"

శ్రుతి బిత్తరపోయింది. మార్త అనపకాయ పొట్టు కాళ్ళ కిందికి దులిపి నవ్వింది.

"నువ్వు చూసింది రైలు లెక్క పాపా. సొన్నప్పణ్ణది కంట్రాక్టరు లెక్క. ఒక తూరి ఈయప్ప కూడా ఆశపడి మూడు నెలలది తీసుకున్నాడు. ఇరవై దినాలకు కంట్రాక్టరు మారిపోయినాడు. వచ్చినోడు అందర్నీ ఇంటికి పంపించేసి రెండు నెలలకు మళ్ళా పిలిచినాడు. ఆ రెండు నెలలూ ఈయప్ప పాసు చూసుకుంటా ఇంట్లో కూర్చున్నాడు. ఏమణ్ణా, నిజమా కాదా?"

"కూర్చోలేదు. రాగులు కోసినా" అన్నాడు సొన్నప్ప.

"సరే, రాగులు కోసినాడు. జేబులో పాసు పెట్టుకోని రాగులు కోసినాడు."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. సొన్నప్ప నవ్వలేదు గాని ఆ పిల్ల వైపు తిరిగి, తన పద్ధతిలో, పాఠం చెప్పినట్టు చెప్పాడు. నెలకు పది దినాలు పని దొరికేట్టుంటే పాసు. అంతకన్నా తక్కువైతే టికెట్టు. వైట్‌ఫీల్డ్ దాకా అడిగినా కృష్ణరాజపురం దాకా అడిగినా పాసు ధర అదే, కాబట్టి దూరం స్టేషనే అడగాలి. ఎక్స్‌ప్రెస్సు ఎక్కకూడదు. పాసు పోగొట్టుకుంటే మళ్ళీ ఇవ్వరు. ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పినందుకు ఆయనకే ఆశ్చర్యమేసినట్టు వెంటనే నోరు మూసుకున్నాడు.

"అంతా సరే. నిన్న జీతంలో పాసు దుడ్లు పడినాయా నీకు?" అని మార్త అడిగింది.

ఆయన లేదన్నట్టు తల ఆడించాడు. బయటి ఊళ్ళ నుంచి వచ్చే తొమ్మిది మందికి కంట్రాక్టరు ప్రతి నెలా జీతంతో పాటు నూట ఎనభై ఐదు రూపాయలు కలిపి వేస్తాడు. పనిలో చేరేటప్పుడు అట్లా మాట్లాడుకున్నారు. నిన్న ఎవరికీ పడలేదు.

"నాకూ పడలేదు. సూపర్‌వైజరును అడిగితే, ఈ నెల నుంచి కంపెనీనే పాసు ఇస్తాది, పొద్దున చెప్తా అన్నాడు" అంది మార్త.

* * *

సూపర్‌వైజరు పేరు హేమంత్‌కుమార్. ములబాగిలు పక్క పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. వేలికి తాళంచెవుల గుత్తి తగిలించుకుని తిప్పుతూ ఉంటాడు. మనిషి చెడ్డవాడేం కాదు. పైవాడు ఏం చెప్తే అది కిందికి మోసేవాడు, అంతే. మోసేటప్పుడు మూటలో ఏముందో విప్పి చూడడు, అదీ అతని గుణం.

నేలమాళిగలో పనిముట్ల గది ఉంది. పారలు, పైపులు, చీపుళ్ళు, ఎరువు మూటలు. హాజరు అక్కడే వేస్తారు. ఆ పొద్దు తొమ్మిది మందినీ అక్కడ నిలబెట్టి హేమంత్‌కుమార్ సంచిలోంచి కాగితాలు తీశాడు.

"అందరికీ ఒక మంచి సుద్ది. ఇంక మీ రైలు పాసు నెలకు ఇరవై ఐదు రూపాయలే. అదీ కంపెనీనే కడతాది. మీరు ఒక్క రూపాయి పెట్టబళ్ళేదు."

"ఇరవై ఐదా!" అన్నారెవరో.

"ఇరవై ఐదే. దాని పేరు ఇజ్జత్ పాసు. కూలీనాలీ చేసుకునేవాళ్ళకని సర్కారు పెట్టింది. ఎన్నో ఏండ్ల నుంచి ఉండాది, మనోళ్ళకు తెలీదు, అంతే. కంట్రాక్టరు సార్ మీ కోసరం కష్టపడి కనుక్కున్నాడు."

"ఇజ్జత్ అంటే?" అంది మార్త.

"ఇజ్జత్ అంటే మర్యాద మార్తమ్మా."

"ఓయమ్మ, మర్యాద పాసా! ఇంక ఆ రైల్లో మాకు లేచి సీటు ఇస్తారేమో!"

గది గదంతా నవ్వింది. హేమంత్‌కుమార్ కూడా నవ్వి, పై కాగితం తీసి సొన్నప్ప ముందు ఎరువు మూట మీద పెట్టాడు. పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు.

"సొన్నప్పా, నువ్వు పెద్దోడివి. మొదటి సంతకం నీది. నువ్వు పెడితే అందరూ పెడతారు."

సొన్నప్ప పెన్ను తీసుకోలేదు. పై జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు. ఒక పక్క కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి చుట్టుకుంటాడు. దారం చుట్టుకోవడానికే కొంచెం సేపు పట్టింది.

ఆయన చదువు మూడో క్లాసు. అదీ పూర్తిగా మూడో క్లాసు కాదు. పట్టుపురుగులకు రేషం ఆకు తెంచడానికి మనిషి చాలక, నాయన బడి మాన్పించాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఆ మూడేళ్ళలో వచ్చిన అక్షరాలను ఆయన పాడు కానివ్వలేదు. బస్సు బోర్డులు, పాల డెయిరీ పుస్తకం, ఎరువు సంచుల మీది రాతలు, ఏది కనిపిస్తే అది కూడబలుక్కుని చదివేవాడు. తొందర లేకుండా, ఒక్కో అక్షరమూ గింజ ఏరినట్టు. వేలిముద్ర ఆయన ఎన్నడూ వేయలేదు. సంతకమే. పెళ్ళయ్యాక ఆరుసార్లో ఏడుసార్లో పెట్టి ఉంటాడు, పెట్టిన ప్రతి చోటూ గుర్తు.

కాగితం కన్నడంలో ఉంది. సొన్నప్ప వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి.

"అణ్ణా, అది కాగితమా, పంచాంగమా?" అంది మార్త.

"చదవనీలే. అందరి కాగితమూ ఒకటే. పేరు మాత్రం మారుతాది" అన్నాడు హేమంత్‌కుమార్. తాళంచెవులు గలగలమన్నాయి.

పైన పేరు. తండ్రి పేరు. ఊరు. తాను అసంఘటిత కార్మికుడని ఒక వరుస. ఆ మాట దగ్గర రెండుసార్లు ఆగి మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. కింద ఇంకో వరుస.

"మాసిక... ఆదాయ..." అని పైకే చదివాడు.

"ఆదాయం అంటే మాక్కూడా ఆదాయమే. నాకు కన్నడ అక్షరాలు సగం తెలిసినట్టే ఉండాయి తాతా, మన అక్షరాల లాగానే ఉండాయి. ఆ పక్కన ఉండేది ఏందో మాత్రం తెలీలేదు" అని శ్రుతి తన కాగితం చూపించింది.

మాసిక ఆదాయ పక్కన ఇట్లా ఉంది: ౧౪౦౦.

"చివర ఉండేవి రెండు సున్నలు. అంతవరకు తెలుస్తాది. మొదట్లో ఉండేవి అక్షరాలా, అంకెలా?" అంది శ్రుతి.

బీయే చదివిన పిల్లకు అది తెలియలేదు. అక్కడున్న వాళ్ళలో ఎవరికీ తెలియలేదు. బడిలోనూ, ఫోన్లోనూ, నోట్ల మీదా అందరూ చూసేవి ఒకటి రెండు మూడని ఇంగ్లీషు అంకెలే. ఆ పాత అంకెలు ఇప్పుడు ఎవరికి కావాలి? సొన్నప్పకు మాత్రం అవి తప్ప వేరే అంకెలు నేర్పలేదు ఆయన పంతులు. కింద నోరు తెరిచిన కడియం లాంటిది ఒకటి. రెండు చేతులూ పైకెత్తి కింద ముడి వేసుకున్న తాడు లాంటిది నాలుగు. బొగ్గు ముక్కతో నేల మీద వందసార్లు దిద్దిన అంకెలు. ఆయన తప్పు చదవడానికి లేదు.

అయినా తప్పు చదివాననే అనుకున్నాడు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి, మళ్ళీ దారం చుట్టుకుని, మళ్ళీ చూశాడు. పక్కనున్న చిక్కమునియప్ప కాగితం లాక్కుని చూశాడు. మార్తది చూశాడు. శ్రుతిది చూశాడు.

"ఇది ఎంత?" అన్నాడు హేమంత్‌కుమార్‌తో.

"ఏది?"

"ఈ అంకె."

"అదా... అది ఊరికే ఫారానికి రాసేది అప్పా. సంతకం పెట్టు, నాకు ఇంకో సైటుకు పోయే పని ఉండాది."

"ఎంత అని అడిగినా."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. సొన్నప్ప ఒకే మాట రెండుసార్లు అడగడం వాళ్ళెవరూ చూడలేదు.

"పద్నాలుగు వందలు" అన్నాడు సొన్నప్ప తనే. "నెలకు నా సంపాదన పద్నాలుగు వందలని రాసుండాది. నా జీతం పదమూడు వేల నాలుగు వందలు."

హేమంత్‌కుమార్ తడుముకోకుండా కాగితం మీదికి వంగి చూశాడు. "అరె! టైపింగులో నడుమ మూడు అంకె పడిపోయినట్టుండాది అప్పా. పదమూడు వేల నాలుగు వందల్లో మూడు తీసేస్తే పద్నాలుగు వందలే గదా అయ్యేది. చిన్న తప్పు."

"మార్తకు జీతమెంత?"

"పన్నెండు వేల ఎనిమిది వందలు" అంది మార్త వెంటనే.

"ఆమె కాగితంలోనూ పద్నాలుగు వందలే. ఈ పిల్ల కాగితంలోనూ పద్నాలుగు వందలే. మా తొమ్మిది మంది కాగితాల్లోనూ ఏరుకోని ఏరుకోని పడిపోయిందా మీ మూడు?"

శ్రుతి కిసుక్కుమంది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హేమంత్‌కుమార్ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, దగ్గరికి వచ్చి, మంచిగా చెప్పబోయాడు. "చూడప్పా. ఆ పాసు కావాలంటే నెలకు పదిహేను వందల లోపలే సంపాదన ఉండాల. అది సర్కారు రూలు. అందుకని పద్నాలుగు వందలని రాస్తారు. పైన ముద్ర వేయించేదానికి కంట్రాక్టరు సార్‌కు మనుషులు ఉండారు. మీకు ఏం నష్టం? జీతం వచ్చేది వస్తానే ఉంటాది. కాగితంలో ఉండేది కాగితంలో ఉంటాది."

"ఇంగ్లీషు అంకెల్లో ఎందుకు రాయలేదు?"

"ఆ?"

"హాజరు పుస్తకంలో, బ్యాంకులో, అన్నిట్లోనూ ఇంగ్లీషు అంకెలే వేస్తారు. దీంట్లో మాత్రం ఈ అంకెలు ఎందుకేసినారు?"

ఇక్కడ హేమంత్‌కుమార్ నోరు జారాడు. మూట విప్పి చూడని మనిషికి దాంట్లోది ఎక్కడ దాచాలో తెలియదు గదా. "ఇంకో సైట్లో ఇంగ్లీషు అంకెల్లో వేస్తే ఊరికే గలాటా చేసినారప్పా! ఒకడు చదివి చూసి..." అని, సగంలో ఆపేశాడు.

ఆ సగం చాలు.

సొన్నప్పకు చెవులు వేడెక్కాయి. అరవై ఆరేళ్ళ వయసులో ఆయన ఎన్నో పడ్డాడు. నీళ్ళు సరిగా పోయలేదని పదేళ్ళ పిల్లవాడు మేడ మీది నుంచి కేక వేస్తే పడ్డాడు. లిఫ్టు ఎక్కవద్దంటే పన్నెండో అంతస్తుకు పూలకుండీలు మోసుకుంటూ మెట్లెక్కాడు. పండగనాడు మిగిలిన అన్నం పేపర్లో పెట్టి ఇస్తే వద్దనకుండా తీసుకుని చెట్టు కింద పెట్టాడు. దేనికీ ఇంత కోపం రాలేదు. ఇది వేరు. ఇది ఆయన చేతనే, ఆయన అక్షరాలతోనే, నేను చవక అని రాయించుకోవడం. చదవలేని అంకెలు వెతికి వెతికి పెట్టి, చదవలేనివాళ్ళు కదా అని నవ్వుతూ పెన్ను మూత తీసి ఇవ్వడం. తాను నేర్చుకున్న మూడేళ్ళ చదువులోంచే ఆ అంకెలు ఎత్తుకొచ్చి తన ముందు వల పరచడం.

"హేమంతా" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "నేను బీదోడినే. కాదని ఎవురి దగ్గరా చెప్పలేదు. బీదోడివని రాయి, పెడతా. పద్నాలుగు వందలకు పని చేస్తాడని రాస్తే పెట్టను. బీదోడు వేరే, అగ్గువోడు వేరే."

"అయ్యో, అదంతా ఒకటే..."

"ఒకటి కాదు. రేపు ఎప్పుడన్నా జీతం తగ్గించినారనో, ఎగ్గొట్టినారనో ఏ ఆఫీసుకన్నా పోతే, ఈ కాగితం తీసి చూపిస్తారు. నీ సంతకమే గదా తాతా, పద్నాలుగు వందలని నువ్వే రాసిచ్చినావు గదా అంటారు. అప్పుడు నేనేం చెప్పేది? చదువు రాదని చెప్పాల్నా? నాకు చదువొస్తాది."

మార్త తన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పురుగును పట్టుకున్నట్టు, దూరంగా పెట్టింది. "థూ. మర్యాద పాసంట! మర్యాదకు ఇరవై ఐదు రూపాయలంట!"

"మీ మంచికి చెప్తావుండా. నువ్వు పెట్టకపోతే ఎవురూ పెట్టరు. అప్పుడు ఈ పాసూ లేదు, ఆ నూట ఎనభై ఐదూ లేదు. సార్ కచ్చితంగా చెప్పినాడు" అన్నాడు హేమంత్‌కుమార్. ఇప్పుడు అతని గొంతులో మంచి తగ్గిపోయింది.

"అయితే ఒక పని చెయ్యి. ఆ అంకె కొట్టేసి పదమూడు వేల నాలుగు వందలని రాయి. కింద మీ ముద్ర వెయ్యి. సంతోషంగా పెడతా."

"అట్ల రాస్తే పాసు ఎట్ల ఇస్తారప్పా?"

"ఇవ్వకపోతే పోనీ. నా జీతం ఎంతో మీరు రాసిచ్చిన కాగితమైనా నా దగ్గర ఉంటాది. ఏడేండ్ల నుంచి అడుగుతావుండా, ఒక చీటీ ఇవ్వలేదు మీరు. అబద్ధం రాసేదానికి తొమ్మిది కాగితాలు దొరికినాయి. నిజం రాసేదానికి ఒకటి దొరకదా?"

హేమంత్‌కుమార్ ఫోను తీసి చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు.

అతను వచ్చే లోపల సొన్నప్ప ఒక పని చేశాడు. మూలన పడి ఉన్న ఇటుక ముక్క తీసుకుని, గది నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక వరుసలో ఆ పాత అంకెలు పదీ రాశాడు. వాటి కింద శ్రుతి చేత ఇంగ్లీషు అంకెలు రాయించాడు. వేలు పెట్టి చూపించాడు, అంతే. ఒక్కొక్కరూ తమ కాగితం పట్టుకుని వచ్చి, నేల మీది అంకె చూసి, కాగితంలోది చూసి, మళ్ళీ నేల చూసి, ఎవరికి వాళ్ళు చదువుకున్నారు. "ఒకటి... నాలుగు... సున్న... సున్న." పెద్ద వయసు మనుషులు బడి పిల్లల మాదిరి గొణుక్కుంటున్నారు. చదివిన ప్రతి మనిషి మొహమూ మారిపోయింది.

"బస్సుల నంబరు బోర్డు మీద ఉండేవి ఇవేనా! ఇన్నాళ్ళూ ఏదో పూలు గీసినారని అనుకున్నా" అంది మార్త.

ఆ రోజు కాగితం మీద ఒక్కరే సంతకం పెట్టారు. చిక్కమునియప్ప. ఇంట్లో ఇద్దరికి జబ్బు. పని పోతే గడవదు. పెట్టేటప్పుడు సొన్నప్ప వైపు చూడలేదు. సొన్నప్ప కూడా అతన్ని ఏమీ అనలేదు. మిగతా ఏడు కాగితాలూ ఖాళీగానే హేమంత్‌కుమార్ సంచిలోకి పోయాయి. తొమ్మిదోది, సొన్నప్ప పేరు రాసినది, ఎంత వెతికినా దొరకలేదు.

"నీ కాగితం ఎక్కడప్పా?"

"నా పేరు ఉండాది గదా దాంట్లో. నా దగ్గరే ఉండనీ" అన్నాడు సొన్నప్ప.

* * *

సాయంకాలం ఐదింటికి ఆయన పైపు చుట్టి మేకుకు తగిలిస్తుంటే హేమంత్‌కుమార్ వచ్చాడు. చేతిలో తాళంచెవులు తిరగడం లేదు.

"సార్‌తో మాట్లాడినా అప్పా. రేపటి నుంచి నిన్ను రావద్దన్నాడు. నా మీద కోపం పెట్టుకోవద్దు."

సొన్నప్ప పైపు కొన సరిగ్గా ముడి వేశాడు. ఆ కాసేపట్లో ఏడేళ్ళూ సంపంగి చెట్లూ అన్నీ కళ్ళ ముందు తిరిగి ఉంటాయేమో. ఆయన చెప్పలేదు కాబట్టి మనకు తెలియదు.

"రాసియ్యి" అన్నాడు.

"ఏమని?"

"రావద్దని. తారీకు వేసి, ఎందుకు వద్దో రాసి."

"అట్లాంటివన్నీ రాసియ్యరప్పా. నోటితో చెప్పేదే."

"అయితే వస్తా."

"గేట్లో రానీరు!"

"గేటు బయట కూర్చుంటా. ఎవురన్నా అడిగితే ఈ కాగితం చూపిస్తా. పైన నాలుగు మేడల్లో ఉండేవాళ్ళంతా ఆ గేట్లోనే గదా పోయేది. వాళ్ళకు కన్నడ అంకెలు రాకపోతే నేను నేర్పిస్తా."

హేమంత్‌కుమార్ ఒకసారి గేటు వైపు చూశాడు. సొన్నప్ప ఎనిమిది గంటలకు పనిలో ఉండే మనిషి. గేటు దగ్గరా ఎనిమిది గంటలకే కూర్చుంటాడని, వానొచ్చినా లేవడని అతనికి బాగా తెలుసు.

కృష్ణరాజపురం కౌంటర్ ముందు వరుస పొడుగ్గా ఉంది. సొన్నప్ప వెనకాల మార్త, మార్త వెనకాల శ్రుతి. వాళ్ళ పాసులు ఆ రోజు ముగియలేదు, అసలు శ్రుతికి పాసే లేదు. అయినా వచ్చి నిలబడ్డారు. రమ్మని ఆయన అనలేదు, ఎందుకు వచ్చారనీ అడగలేదు.

"ఏమణ్ణా, ఈ తూరి టికెట్టా? పని లేదన్నారు గదా. పది దినాల లెక్క నీదే" అంది మార్త. ఎగతాళి చేయడానికే అంది గాని నవ్వలేదు.

ఆయన లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. పాత పాసు, ఫోటో కార్డు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం. నోట్లు ఒకటికి రెండుసార్లు లెక్క చూశాడు. నాలుగు వందల డెబ్బై. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాడు.

"ముప్పై ఉండాయా?"

మార్త కొంగు ముడి విప్పి ఇరవై ఇచ్చింది. శ్రుతి పది ఇచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు, కిటికీ దగ్గరికి వచ్చేశారు.

లోపలి మనిషికి ఆయన తెలుసు. ఏడేళ్ళుగా నెలకొకసారి చూసే మొహం. పాసూ కార్డూ తీసుకుని, అడగకుండానే మీటలు నొక్కబోయాడు. "టేకల్, ఒక నెల."

"కాదు" అన్నాడు సొన్నప్ప.

లోపలి మనిషి తల ఎత్తాడు.

"మూడు నెలలు."

మార్త వెనక నుంచి ఆయన చొక్కా పట్టి లాగింది. "అణ్ణా, పిచ్చా నీకు? రావద్దన్నారు గదా నిన్ను! పొద్దున ఈ పిల్లకు ఏం చెప్పినావు?"

"పొద్దున చెప్పింది పొద్దున. ఇన్నేండ్లు వాళ్ళు ఎప్పుడు తీసేస్తారో అని నెల నెలా తీసుకున్నా. ఇప్పుడు తీసేసినారు. ఇంక భయం ఏముండాది?" అన్నాడు సొన్నప్ప. కిటికీలోకి నోట్లు తోశాడు. "రాసిచ్చే దాకా వస్తా. మూడు నెలల్లో రాసియ్యకపోతే ఇంకో మూడు నెలలది తీసుకుంటా."

యంత్రం కిర్రుమంటూ పాసు కక్కింది. ఆయన వెంటనే పక్కకు జరగలేదు. కళ్ళద్దాల దారం చెవికి చుట్టుకుని, పేరు చదివాడు. ఊరు చదివాడు. తారీకు చదివాడు. ఐదు వందలన్న అంకె మీద వేలు పెట్టి, మూడు అంకెలూ ఉన్నాయా లేదా అని చూసుకున్నాడు. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ అన్నట్టు ఇంకోసారి చదివాడు.

తర్వాత శ్రుతికి దారి ఇచ్చాడు.

"నీది నువ్వు చూసుకోని తీసుకో పాపా. యాభై ఐదు రూపాయలు మిగులుతాయి అంటివి గదా."